తళుకూరి తొలి దీపం

ఎవరితోనూ ఇంతవరకూ అనని మాట ఒకటి చెప్తా, దగ్గరికి రా అమ్మణ్ణీ. నాకు చీకటంటే భయం.

నవ్వకు. నవ్వితే చెప్పను. ఇంత పెద్దదాన్ని, మీ అమ్మని కన్నదాన్ని, వంటింట్లోకి వచ్చిన పాముని చీపురుతో తరిమినదాన్ని. అయినా కరెంటు పోయిందంటే నా గుండె గబగబా కొట్టుకుంటుంది. మీ తాతకి కూడా తెలియదు. కరెంటు పోగానే "ఏమండీ, అగ్గిపెట్టె యాడ పెట్టారు?" అని అరుస్తాను చూడు, అది అగ్గిపెట్టె కోసం కాదు. పక్కన మనిషి పలుకుతాడా లేదా అని.

కాబట్టి లైటు ఆర్పొద్దని నువ్వు ఏడ్చినందుకు నేనేమీ అనను. ఆ చిన్న బల్బు అట్టాగే ఉండనీ. దుప్పటి కప్పుకో. కాళ్ళు నా మీద వెయ్యి. ఊఁ కొడుతూ ఉండు. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ దారి మధ్యలో చతికిలబడుతుంది, తర్వాత నన్నడగొద్దు.

అనగా అనగా, నేలంతా మెరిసే ఒక ఊరు. ఆ ఊరి పేరు తళుకూరు.

ఆ ఊరి చుట్టూ అభ్రకం గనులు. అభ్రకమంటే రాయే, కానీ ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఒక్కో పొర అద్దంలా తళతళలాడుతుంది. గనుల్లోంచి తవ్వి తీసి, పనికొచ్చేది బండ్లకెత్తి, పనికిరాని పొడీ ముక్కలూ ఊరి పక్కన పోసేవాళ్ళు. పోసీ పోసీ అది పెద్ద దిబ్బయింది. పొద్దున్నే ఎండ పడితే ఆ దిబ్బ వెండి కొండే. వీధిలో నడిస్తే అరికాళ్ళు మెరిసేవి. కోళ్ళు మెరిసేవి. బర్రెగొడ్డు మట్టిలో పొర్లి లేచిందంటే పెళ్ళికూతురిలా మెరిసేది.

అందుకని తళుకూరు వాళ్ళకి కాస్త గీర. పక్క ఊరి వాళ్ళు కనపడితే చాలు, "దీపాలు మీకు కావాలి. మాకెందుకు? మా నేలే వెలుగుతుంది" అనేవాళ్ళు. పెద్దవాళ్ళు గొప్పకి అనేవాళ్ళు. పిలకాయలు అదే నిజమనుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో అంకాలు అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది. నీకులాగే ముందు పళ్ళు ఊడిపోయి, "సున్నుండ" అనమంటే ఈల వేసేది. వాళ్ళ అమ్మా నాయనా పొద్దున్నే గనికి పోయేవాళ్ళు. ఇంట్లో అంకాలూ, వాళ్ళ అవ్వ చెంచమ్మా ఉండేవాళ్ళు. అవ్వకి అంకాలు ప్రాణం. అంకాలుకి అవ్వా, అవ్వ చేసే సున్నుండలూ ప్రాణం.

ఇప్పుడు ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే నీకు కథ తెలియదు.

దీపావళి నాడు పొద్దు గుంకితే తళుకూర్లో ఎవరూ దీపం పెట్టరు. పొయ్యి రాజెయ్యరు. లైటు స్విచ్చి నొక్కరు. ఊరంతా చీకట్లో కూర్చుంటుంది. దిబ్బ మీద అంకమ్మ తల్లి గుడి ఉంది. ఊరి ఆడవాళ్ళలో ఎవరు పెద్దో, ఆమె ఎండ ఉండగానే దిబ్బెక్కుతుంది. చీకటి పడ్డాక తల్లి ముందు ప్రమిద వెలిగించి, దాన్ని చేతుల్లో పట్టుకుని కిందికి దిగి వస్తుంది. అదే తొలి దీపం. ఆ దీపంతోనే ఇంటింటికీ దీపం. ఆ తర్వాతే మతాబులు. ఆ తర్వాతే అరిసెలు.

దానికి మూడు కట్టుబాట్లు. దీపం పట్టుకున్న మనిషిని ఎవరూ తాకకూడదు. ఆమెకి ఎవరూ ఎదురు పోకూడదు. దారిలో ఇంకో దీపం వెలగకూడదు.

మధ్యలో దీపం ఆరిందా, ఆ ఏటికి ఊళ్ళో దీపావళి లేనట్టే. ఎప్పుడో ఒకసారి అట్టా అయిందంట. పిలకాయలు మతాబులు ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి, అట్టాగే నిద్రపోయారంట.

ఏం, ఊఁ కొట్టడం మానేశావే? ఊఁ. అదీ.

ఆ ఏడు దీపావళి వస్తోంది. అంతకు ముందు తొలి దీపం తెచ్చే పెద్దామె కాలం చేసింది. ఇక ఊళ్ళో ఆడవాళ్ళకి పెద్ద ఎవరు? మన చెంచమ్మవ్వే. అప్పుడు ఊరి పెద్ద రాఘవయ్య తమలపాకులూ వక్కా పట్టుకుని ఇంటికొచ్చాడు. "అత్తా, ఈ ఏడు దీపం నీదే" అన్నాడు.

అవ్వ ముఖం చూడాలి అప్పుడు! కొత్త కోక కట్టినట్టు వెలిగిపోయింది. "అట్టాగే నాయనా" అని తాంబూలం అందుకుంది. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, గోడకి ఆనుకుని దబ్బున కూర్చుండిపోయింది.

"ఏమయిందవ్వా?" అంది అంకాలు.

"ఏం లేదు."

"నీకు రాత్రిళ్ళు కళ్ళు కనపడవు గదా. అందుకా?"

అవ్వ గబుక్కున దాని నోరు మూసింది. ఎవరికీ చెప్పని మాట అది. పగలంతా అవ్వ చూపు బాగానే ఉంటుంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తుంది. పొద్దు గుంకితే మాత్రం రేచీకటి. కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. అంకాలుకి మాత్రం ఎప్పుడో తెలిసిపోయింది. అవ్వ చీకట్లో మజ్జిగ గ్లాసులో వంచబోయి ఒళ్ళో వంచుకునేది. ఒక రోజైతే వీధి అరుగు పక్కన కట్టేసిన పక్కింటి బర్రెని చూసి, వియ్యపురాలనుకుని, "బాగుండావా వదినా? చిక్కిపోయావే!" అని పలకరించింది. అంకాలు నవ్వితే, "నోరులేని జీవాన్ని పలకరిస్తే తప్పేంది మే?" అని దబాయించింది.

"ఎవరితోనూ అనొద్దు" అంది అవ్వ ఇప్పుడు. "తెలిసిందంటే దీపం ఇంకొకరికి ఇస్తారు. నీ అంత పిల్లప్పటి నుంచీ చూస్తున్నానే ఆ దీపం దిబ్బ దిగి రావడం. నక్షత్రం ఒకటి చెప్పుల్లేకుండా నడిచొచ్చినట్టు ఉంటుంది. ఒక్కసారి అది నా చేతుల్లో దిగాలని నా ఆశ."

"చేతిలో దీపం ఉంటుంది గదా. కనపడదా?"

"దీపం కనపడుతుంది. దాని అవతల అంతా తారు పూసినట్టుంటుంది. పాత గని గుంట పక్కన దారి మలుపు తిరుగుతుంది చూడు, అక్కడ కాలు తప్పిందంటే దీపమూ పోతుంది, నేనూ పోతాను."

అంకాలు అటూ ఇటూ లెక్క వేసుకుంది. అవ్వ వద్దంటే అవ్వకి దీపం పోతుంది. అవ్వ సరేనంటే ఊరికి దీపం పోతుందేమో. అవ్వకే ఏమన్నా అవుతుందేమో.

అప్పుడు దానికి ఒక ఆలోచన తోచింది. మా నేలే వెలుగుతుందని అందరూ అంటారు గదా! బాగా వెలిగే అభ్రకం ఏరి దారి పొడుగునా పరిస్తే? రాత్రి అదే వెలుగుతుంది. అవ్వకి దారి కనపడుతుంది. అంతే, గౌను అంచు పట్టుకుని దిబ్బ మీదికి పరిగెత్తింది.

అరచేతంత అభ్రకం ముక్కలు ఒడినిండా ఏరింది. ఎండలో అవి కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి. వెలుగుతాయో లేదో చూడాలి గదా. పగలు చీకటి యాడ దొరుకుతుంది? ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి ఉంది, మనిషెత్తు మట్టి బానలాంటిది. అది ఖాళీగా ఉంది. అంకాలు అందులోకి దిగి, పైన మూత లాక్కుంది. లోపల కాటుక చీకటి. ఒళ్ళోకి చూసుకుంది. ఏమీ లేదు. ముక్కలు చేతికి తగులుతున్నాయి, కంటికి మాత్రం ఒక్కటీ కనపడదు.

"ఏయ్, వెలుగు" అంది వాటితో. వెలగలేదు.

ఎండ తాగితే వెలుగుతాయేమోనని వాటిని చాప మీద వడియాల్లాగా ఆరబెట్టింది. కాకులు రాకుండా కాపలా కూడా కూర్చుంది. సాయంత్రం మళ్ళీ గుమ్మిలోకి తీసుకెళ్ళింది. ఉహుఁ. నల్లగా, చప్పగా, రాళ్ళంటే రాళ్ళే.

ఆ తర్వాత రోజు వీధిలోకి దస్తగిరి సాయిబు వచ్చాడు. ఆయన ఇత్తడి గిన్నెలకి కళాయి పూస్తాడు. చిన్న కొలిమి పెట్టి, తిత్తి నొక్కుతూ, గిన్నె ఎర్రగా కాలాక తగరం వేసి, దూదితో ఒక్క చుట్టు చుడతాడు. అంతే, నల్లటి గిన్నె లోపల చందమామ పుడుతుంది. పండగ ముందు గదా, అవ్వ కూడా దీపం పెట్టుకునే పాత తాంబాళం ఇచ్చి కళాయి వేయించింది.

అంకాలు అనుకుంది, ఇది నిప్పులోంచి వచ్చింది, దీంట్లో నిప్పు ఉండే తీరుతుంది అని. తాంబాళం చల్లారగానే ఎత్తుకుని గుమ్మిలోకి దూరింది. మూత లాక్కుంది. ఏముంది? చీకటి. మొహం దగ్గర పెట్టుకుంటే ముక్కుకి చల్లగా తగిలింది, అంతే.

బయటికొచ్చి సాయిబు ముందు మూతి ముడుచుకుని నిలబడింది. "తాతా, నీ కళాయి మంచిది కాదు. చీకట్లో వెలగడం లేదు."

సాయిబు తిత్తి నొక్కడం ఆపి పకపకా నవ్వాడు. "చీకట్లో వెలిగే కళాయి నేను పూస్తే బేటా, ఎలక్ట్రిక్కోళ్ళు నా మీద కేసు పెడతారు."

అంకాలుకి నవ్వు రాలేదు. పండగ ఇంకా దగ్గరికొచ్చేసింది.

ఆ తర్వాత రోజు అంగన్‌వాడీలో దీపావళి ముస్తాబు. అక్కడ టీచరమ్మ పేరు సులోచన. పిలకాయలందరికీ తళుకు కాగితాలు, చెమ్కీలు, జిగురు ఇచ్చి చుక్కలు చేయిస్తోంది. అందరి ముక్కుల మీదా చెమ్కీలే. అంకాలు ఒక పెద్ద వెండి చుక్క చేసింది. ఇదైనా వెలగదా అని మనసులో ఒక ఆశ.

అప్పుడు టీచరమ్మ కిటికీలకి గోనెసంచులు కట్టింది. తలుపు మూసింది. గదంతా చీకటి. చిన్న పిలకాయలు ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకడు "ఎవరో నన్ను గిల్లుతున్నారు టీచర్" అని అప్పుడే మొదలుపెట్టాడు.

"మీ చేతిలో ఏముందో చూడండి" అంది టీచరమ్మ.

ఎవరికీ ఏమీ కనపడలేదు. అంకాలు కళ్ళు చించుకుని చూసింది. వెండి చుక్క చేతిలో ఉంది. వెండీ లేదు, చుక్కా లేదు.

అప్పుడు టీచరమ్మ టార్చిలైటు వెలిగించింది. అబ్బ! ఒక్కసారిగా గదంతా మిలమిల. చుక్కలు మెరిశాయి, గాజులు మెరిశాయి, స్టీలు గ్లాసులు మెరిశాయి. అంకాలు చేతిలో చుక్క కదిలితే కప్పు మీద వెలుగు చేపపిల్లలాగా ఈదింది. చుక్క ఎటు తిప్పితే అటు ఈదింది. లైటు ఆర్పింది, అన్నీ పోయాయి. వెలిగించింది, అన్నీ వచ్చాయి.

"చూశారా. కొన్ని వెలుగుతాయి, కొన్ని మెరుస్తాయి" అంది టీచరమ్మ. "వెలిగేదానికి సొంత వెలుగు ఉంటుంది. మెరిసేదానికి ఉండదు. మనమిచ్చిన వెలుగుని మనకే తిరిగి ఇస్తుంది. ఇప్పుడు చెప్పండి. దీపం?"

"వెలిగేది!"

"గరిటె?"

"మెరిసేది!"

"మిణుగురు పురుగు?"

"వెలిగేది!"

"మా నాయన బట్టతల టీచర్!" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"మెరిసేది!" అని అందరూ అరిచారు. టీచరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే, చందమామ?"

అందరూ "వెలిగేది!" అన్నారు. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. చందమామకీ సొంత వెలుగు లేదంట. సూర్యుడిచ్చింది మనకి పంపిస్తాడంట. పిలకాయలు నోళ్ళు తెరిచారు. ఒక పిల్లకైతే చందమామ మీద జాలేసింది కూడా.

అంకాలుకి మాత్రం ఏడుపొచ్చింది. అభ్రకం మెరిసేదేగానీ వెలిగేది కాదు. అయితే ఊరంతా అన్నది ఉత్తుత్తి మాటే. దారిలో ఇంకో దీపం వెలగకూడదన్నారు, అభ్రకమేమో వెలగదు. ఇక అవ్వకి దారి ఎట్టా?

అట్టా అనుకుంటూ ఉండగానే ఆగిపోయింది. మళ్ళీ అనుకుంది. దారిలో ఇంకో దీపం వెలగకూడదు. అభ్రకం వెలగదు.

వెలగదు! వెలగదు కాబట్టే దారిలో పెట్టొచ్చు! అవ్వ చేతిలో దీపం ఉండనే ఉంది. దాని వెలుగునే అవ్వకి తిరిగి ఇస్తుంది!

అంకాలు చెంగున లేచి గంతేసింది. జిగురు డబ్బా తన్నుకుంది. టీచరమ్మ చెప్పు అతుక్కుపోయింది. "ఏందే నీకు?" అంటే, "దిబ్బ దారికి ముస్తాబు చేద్దాం టీచర్! తొలి దీపం వస్తుంటే రెండు పక్కలా మెరవాలి!" అంది. అవ్వ మాట మాత్రం చెప్పలేదు. అవ్వ అనొద్దంది గదా.

టీచరమ్మకి అర్థమయిందో లేదో నాకు తెలియదు. ఆమె ఏమీ అడగలేదు. చెప్పు ఊడదీసుకుని, ఒక గోనెసంచి దులిపి, "పదండి ఏరుదాం" అంది.

పిలకాయలందరూ చీమల బారులాగా దిబ్బెక్కారు. పెద్ద పెద్ద ముక్కలు ఏరారు. దారికి రెండు పక్కలా పరిచారు. ఆ మునిమాపు వేళ టీచరమ్మ పై మెట్టు మీద నిలబడి టార్చి వేసి చూసింది. అక్కడొకటి ఇక్కడొకటి మెరిశాయి, అంతే. అన్నీ ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉన్నాయి మరి. దీపం వచ్చేది గుడి వైపు నుంచి గదా! అప్పుడు అంకాలు ఒక ముక్కని లేపి, గుడి వైపు మొహం తిప్పి, మట్టిలో ఏటవాలుగా గుచ్చింది. టార్చి వేస్తే అది తళుక్కున కన్ను గీటింది. ఇంకేముంది, అందరూ కూర్చుని ఒక్కో ముక్కనే లేపి, "ఇటు చూడు, అమ్మవారి వైపు చూడు" అంటూ గుచ్చారు. గుంట మలుపు దగ్గర కంచెకి వెండి చుక్కలు బారుగా కట్టారు.

పండగ వచ్చింది. పొద్దు వాలుతుండగా అవ్వ తలంటు పోసుకుని, తాంబాళంలో ప్రమిద, నూనె, వత్తి, అగ్గిపెట్టె పెట్టుకుంది. అంకాలు చెవిలో చెప్పింది: "అవ్వా, మెరుపులు రెండు వరసలుంటాయి. నువ్వు నడుమ నడువు. చుక్కలు కనపడితే మలుపు. అప్పుడు కుడిచెయ్యి వైపు తిరుగు."

"కుడిచెయ్యంటే ఏది నా తల్లీ?" అంది అవ్వ. అంత భయపడిపోయి ఉంది. అంకాలు ఆమె కుడిచేతికి ఒక గాజు ఎక్కువ తొడిగింది.

అవ్వ దిబ్బెక్కింది. ఊరంతా దిబ్బ కింద చేరింది. అప్పుడే ఒక చిక్కొచ్చి పడింది. రాఘవయ్య దారిని చూశాడు. ఊరంతా చేరేదాకా ఇంకా ఆర్పని లాంతరు ఆయన చేతిలో ఉంది, దాని వెలుగుకి దారంతా తళతళలాడుతోంది.

"ఎవరు పెట్టారివి?" అని గద్దించాడు. "దారిలో ఇంకో దీపం వెలగకూడదని తెలియదా? తియ్యండి అన్నీ!"

పిలకాయలు టీచరమ్మ వెనక దాక్కున్నారు. దాక్కుంటే పని జరగదు గదా. అంకాలు ముందుకొచ్చింది. "అవి దీపాలు కాదు పెదనాయనా. వెలగవు."

"నా కళ్ళ ముందు వెలుగుతుంటే వెలగవంటావేంది మే?"

"నీ లాంతరు ఆర్పు. అప్పుడు ఒక్కటి వెలిగినా నేనే తీసేస్తా."

జనం గుసగుసలాడారు. చిన్నపిల్ల పెద్దమనిషితో అట్టా అంటుందా అని కొందరు. అడిగిందాంట్లో తప్పేముందని కొందరు. ఎట్టాగూ ఆర్పాల్సిన లాంతరే గదా అని రాఘవయ్య ఉఫ్ మని ఊదాడు.

చీకటి. అమావాస్య చీకటి. దారి మీద ఒక్క మెరుపు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా నేల వెలుగుతుందని చెప్పుకున్న ఊరు, ఆ రాత్రి తన నేల వంక చూసి నోరు తెరిచింది. ఒక్కటీ వెలగలేదు.

"నిజమే" అన్నాడు రాఘవయ్య మెల్లగా. "ఉండనియ్యండి."

అప్పుడు దిబ్బ మీద ఒక చిన్న చుక్క పుట్టింది. తొలి దీపం!

అవ్వ మొదటి అడుగు వేసింది. ముందంతా తారు పూసినట్టే ఉంది. రెండో అడుగు వేసింది. అప్పుడు ఎడమ పక్క ఒకటి తళుక్కుమంది. కుడి పక్క ఒకటి తళుక్కుమంది. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఎవరో ముందు నడుస్తూ రెండు చేతులా ముత్యాలు చల్లుతున్నట్టు దారి తెరుచుకుంటూ పోయింది. అవ్వ ముసిముసిగా నవ్వుకుంటూ నడిచింది. కింద ఊరంతా కళ్ళప్పగించి చూసింది. వెనకటి ఏళ్ళల్లో ఒక్క నక్షత్రమే దిగేది. ఈసారి నక్షత్రం తన చుట్టాలందరినీ వెంటబెట్టుకుని దిగుతోంది.

సరిగ్గా గుంట మలుపు దగ్గరకి రాగానే గుంటలోంచి గాలి లేచింది. దీపం అల్లాడిపోయింది. అవ్వ గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. దీపం నిలబడింది. దారి మాత్రం పోయింది. వెలుగు అరచేతిలోనే ఆగిపోతే మెరుపులకి ఏం అందుతుంది, అవి ఏం తిరిగి ఇస్తాయి? చెయ్యి తీసింది, మెరుపులొచ్చాయి, దీపం ఆరబోయింది. చెయ్యి పెట్టింది, దీపం నిలిచింది, మెరుపులు పోయాయి.

అవ్వ ఆగిపోయింది. ఎవరూ పోకూడదు, ఎవరూ తాకకూడదు. అంకాలు టీచరమ్మ చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో నలిపేస్తోంది.

అవ్వకి కళ్ళు ఆనవుగానీ బుర్ర ఆనుతుంది. నిలబడి ఆలోచించింది. వడ్లు చెరిగేటప్పుడు గాలికి చేట అడ్డం పెట్టినట్టు, తాంబాళాన్ని గుంట వైపు నిలబెట్టింది, ప్రమిదని ఇటు చేత్తో పట్టుకుంది. గాలి తాంబాళానికి కొట్టుకుని పోయింది. దీపం నిటారుగా నిలబడింది. అంతేనా! గుంటలోకి పోవాల్సిన వెలుగంతా ఆ కళాయి మీద పడి, తిరిగొచ్చి, దారి మీద పరుచుకుంది. దారి భగ్గుమంది. కంచె మీది చుక్కలన్నీ ఒక్కసారి తళతళమన్నాయి. గాజు ఎక్కువున్న చెయ్యి వైపు అవ్వ తిరిగింది. మలుపు దాటింది!

కింద నుంచి దస్తగిరి సాయిబు "అది నా కళాయే! అది నా కళాయే!" అని అరిచాడు. నోరు ముయ్యవయ్యా అని పక్కవాళ్ళు.

అవ్వ చివరి మెట్టు దిగింది. ఊరు ఉప్పొంగిపోయింది. అయితే అవ్వ ఎవరినీ వత్తి ముట్టించుకోనివ్వలేదు. ముందు ఒక మాట చెప్పాలంది.

"నాకు పొద్దు గుంకితే కళ్ళు ఆనవు" అంది గట్టిగా, అందరికీ వినపడేట్టు. "దాచిపెట్టాను. దీపం వేరేవాళ్ళకి ఇస్తారని దాచాను. మీరిప్పుడు తిట్టుకున్నా సరే. ఈ పిలకాయలు చల్లిన మెరుపులు పట్టుకుని దిగొచ్చాను."

అప్పుడు వెనక నుంచి రత్తమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. వయసులో అవ్వ తర్వాత ఆమే. వచ్చే ఏళ్ళల్లో దీపం ఆమెదే.

"నువ్వు నయం, పగలన్నా చూస్తావు" అంది రత్తమ్మ. "నాకు పగలే అంతంత మాత్రం. ఒరే పిలకాయలూ, నా వంతు వచ్చినప్పుడు ఇంకో రెండు బుట్టలు ఎక్కువ గుచ్చండిరా!"

ఊరంతా గొల్లుమని నవ్వింది. రాఘవయ్య తన వత్తి ముందుకి చాపుతూ, "ముందు నాకు ముట్టించు అత్తా, అరిసెలు ఆరిపోతున్నాయి" అన్నాడు.

అవ్వ మాత్రం మొదటి దీపం అంకాలుకి ముట్టించింది. అంకాలు నుంచి ఇంకో పిల్లకి, ఆ పిల్ల నుంచి ఇంకో పిల్లకి. ఊరంతా వెలిగింది. ఊరు వెలిగాక దిబ్బ మెరిసింది. ఏది వెలిగేదో ఏది మెరిసేదో తళుకూరు వాళ్ళకి ఇప్పుడు తెలుసు. అయినా మతాబులు కాల్చి, అరిసెలు తిని, ఎవరి గొప్పలు వాళ్ళు మళ్ళీ చెప్పుకున్నారు. "మా నేల వెలగదు. ఎవరు వెలిగినా ఊరుకోదు, వంద చేసి తిరిగిస్తుంది" అని.

కథేమో కంచి దారి పట్టె,
కంటికేమో కునుకు పట్టె,
మెరిసేది తిరిగి పోయె,
వెలిగేది ఇంట నిలిచె,
ఇల్లు చేరిన పిల్లకి ఇంత సున్నుండ!

ఏం, ఇంకా కళ్ళు తెరిచే ఉన్నావే?

అభ్రకం కావాలా. ఇప్పుడా! ఉంటుందమ్మా, నిజంగానే ఉంటుంది. ఎందుకుండదు? మా వైపు గనులవే గదా. నేనూ మస్తానమ్మా చిన్నప్పుడు పలకల మీద రుద్దుకునేవాళ్ళం. మస్తానమ్మంటే నా నేస్తం. మీ అమ్మ పెళ్ళికి కూడా వచ్చింది. ఇప్పటికీ అభ్రకం ఏరే షెడ్డు పక్కనే ఉంటుందంట. నంబరు ఉందిలే, ఎవరో ఇస్తే రాసుకున్నా. ఎన్నిసార్లు నొక్కబోయి ఆగిపోయానో. తగాదా ఏమీ లేదు. ఈ పనీ ఆ పనీ అని ఏళ్ళు జరిగిపోయాయి. ఇన్నాళ్ళకి ఫోన్ చేసి ఏమని మొదలుపెట్టను?

ఏమన్నావు? "మా అమ్మణ్ణికి అభ్రకం కావాలంట అను" అనా?

అంతేనా?

అంతే గదా. నిజమే, అంతే. పండగ ఇంకా వారం ఉంది, బస్సులో వేసి పంపినా అందుతుంది. కాదు, పంపడం ఎందుకు, దాన్నే తీసుకుని రమ్మంటా. నీ స్నేహితులందరినీ పిలుద్దాం, గది చీకటి చేద్దాం. నాకు భయమేస్తే నువ్వు నా చెయ్యి పట్టుకో.

టైమెంత? తొమ్మిదే గదా. అది ఇంత తొందరగా పడుకోదు, నాకు తెలుసు. ఆ కళ్ళద్దాలు ఇట్టా ఇయ్యి. ఫోన్ కూడా ఇయ్యి.